సీపీయూ పెట్టెలో దుమ్ము దులిపే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

దసరాకు ఇల్లు దులిపేటప్పుడు కంప్యూటర్ కూడా మీరే శుభ్రం చేస్తామన్నారు. చాలా సంతోషం. కానీ గోడకు పట్టిన బూజు దులిపినట్టు దాన్ని దులపకూడదు. అందుకే ఈ ఉత్తరం.

మనందరం ఆ పెట్టెనంతా సీపీయూ అంటాం గానీ, అసలు సీపీయూ లోపల అగ్గిపెట్టెంత చిప్పు మాత్రమే. దాని మీద అల్యూమినియం రేకుల హీట్‌సింక్, ఆ పైన ఒక ఫ్యాన్ ఉంటాయి. ఫ్యాన్ గాలిని రేకుల సందుల్లోకి తోసి వేడిని బయటికి పంపుతుంది. దుమ్ము, వెంట్రుకలు, దూదిపోగులు కలిసి సరిగ్గా ఆ సందుల మీదే కంబళి ముక్కలా పేరుకుంటాయి. పైనుంచి చూస్తే ఫ్యాన్ రెక్కలు అడ్డం వచ్చి అది కనబడదు. వేడి 100 డిగ్రీల దగ్గరికి వస్తే చిప్పు తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది. ఎండాకాలంలో ఆట మధ్యలో ఆగిపోతుంటే మొదట వెతకాల్సింది ఈ కంబళినే.

కావలసినవి కొన్నే. స్టార్ స్క్రూడ్రైవర్, అంగుళం వెడల్పున్న కొత్త పెయింటు బ్రష్షు, పొడి నూలుగుడ్డ, ముక్కుకు మాస్కు. బ్లోయర్ దొరికితే పని తేలిక. వాక్యూమ్ క్లీనర్ గొట్టం మాత్రం లోపల పెట్టకండి. గాలి ఒరుసుకుపోయి దాని మూతి దగ్గర స్థిర విద్యుత్తు పుడుతుంది. మన వేలికి చురుక్కుమని కూడా తెలియనంత చిన్న షాక్ చాలు, చిప్పు పాడవడానికి.

కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టడం కాదు, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. గోడ స్విచ్ ఆపి ప్లగ్గు పీకేయండి. వెనక వైర్లు తీసే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, మళ్లీ పెట్టేటప్పుడు తడుముకోనక్కర్లేదు. తర్వాత పవర్ బటన్‌ను 10 నుంచి 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే, చిప్పులన్నీ అమర్చిన బోర్డులో మిగిలిన కరెంటు చాలావరకు పోతుంది. పెట్టెను వరండాలోకి తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి, దుప్పటి మీద వద్దు. ముందు నుంచి చూస్తే సాధారణంగా ఎడమపక్క తలుపే తెరుచుకుంటుంది. వెనక రెండు స్క్రూలు విప్పి వెనక్కి జరిపితే చాలు. లోపల చెయ్యి పెట్టే ముందు, ఒంటి మీది స్థిర విద్యుత్తు పోయేలా, పెయింటు లేని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి, మళ్లీ మళ్లీ ముట్టుకుంటూ ఉండండి.

ఇప్పుడు అసలు సంగతి. బ్లోయర్ గాలికి ఫ్యాన్ గిర్రున తిరుగుతుంటే చూడ్డానికి సరదాగా ఉంటుంది. ఆ పని మాత్రం చేయకండి. బయటి గాలితో మోటారును తిప్పితే అది జనరేటర్‌లా కరెంటు పుట్టించి బోర్డులోకి పంపగలదు. పదో తరగతి భౌతికశాస్త్రంలో మీరు చదివే సూత్రమే ఇది. పైగా హద్దు మీరిన వేగానికి బేరింగ్ అరిగి, ఆ తర్వాత ఫ్యాన్ గరగరమంటుంది. కాబట్టి ఒక వేలితో రెక్కను కదలకుండా పట్టుకుని, జానెడు దూరం నుంచి రెండు మూడు సెకన్ల చొప్పున ఊదండి. హీట్‌సింక్‌కు పక్కనుంచి, రేకుల సందుల వెంబడి ఊదితే కంబళి ముక్కలుగా లేచి వస్తుంది. మిగిలినది బ్రష్షుతో మెల్లగా లాగండి. బోర్డు మీద బ్రష్షును రుద్దకూడదు, అలా తాకిస్తూ పోవాలి. తడిగుడ్డ పనికిరాదు.

హీట్‌సింక్‌ను పీకకండి. దాని కింద, చిప్పు వేడిని హీట్‌సింక్‌కు చేరవేయడానికి పూసిన థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే కొన్ని రకాల్లో చిప్పు కూడా దానితో ఊడివచ్చి పిన్నులు వంగిపోతాయి. ఒకవేళ తీయాల్సి వస్తే, పెద్దవాళ్లు పక్కన ఉండగా పాత పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాకే బిగించాలి.

వైర్లన్నీ బయలుదేరే ఇనుప డబ్బా ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా. దాని స్క్రూలు ఎప్పుడూ విప్పకండి, జాలీలోంచి పెన్సిల్ కూడా దూర్చకండి. మన 230 వోల్టుల కరెంటు అందులోని కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు పోకపోవచ్చు. ఆ జాలీ మీద బయటినుంచే బ్రష్షు తిప్పండి, అంతే.

తలుపు మూసే ముందు ఏ వైరూ ఫ్యాన్ రెక్కలకు తగలకుండా చూసుకోండి. వెనక ఖాళీ స్లాట్లకు రేకులు లేకపోతే బిగించండి, బల్లులూ బొద్దింకలూ దూరే దారి అదే. ఆన్ చేశాక స్క్రీన్ నల్లగా ఉండి బీప్‌లు వస్తే భయపడకండి. చాలాసార్లు బ్రష్షు తగిలి ర్యామ్ (బోర్డులో నిలువుగా గుచ్చిన సన్నటి మెమరీ పలక) కాస్త కదిలి ఉంటుంది. మళ్లీ ప్లగ్గు పీకి, ర్యామ్ అంచులు పట్టుకుని తీసి, టక్కుమని క్లిప్పు పడేదాకా నొక్కండి. ఫ్యాన్ ఎర్రర్ అని చూపిస్తే దాని చిన్న కనెక్టర్ ఊడిందేమో చూడండి.

పెట్టె నేలమీదే ఉంటే మూడు నెలలకోసారి, బల్ల మీద ఉంటే ఆరు నెలలకోసారి తెరిచి చూడండి. ఆయుధపూజ రోజు పసుపు కుంకుమలు పెట్టెకు ముందువైపు, గాలి రంధ్రాలకు దూరంగా పెట్టండి. అగరొత్తి పక్క బల్ల మీద వెలిగించండి.

ఇట్లు,
మీ తాతయ్య