టీచరు ఎందుకు ఊరుకుంటారు?

చిన్నారులూ,

మీ మాంటిస్సోరి బడిలో టీచరు పాఠం చెప్పకుండా చూస్తూ కూర్చుంటారెందుకని మీలో ఒకరు నన్ను అడిగారు. చాలా ఏళ్లు పిల్లల మధ్య నేనూ అలాగే కూర్చున్నాను.

మీ తరగతిలో పొడవాటి చెక్క దిమ్మె ఉంది కదా. పది గుంటలు, వాటిలో పిడి ఉన్న పది గుండ్రటి ముక్కలు. సన్నటి ముక్కను పెద్ద గుంటలో వేసినా పట్టేస్తుంది, అప్పటికేమీ తెలియదు. చివరికి ఒక లావు ముక్క, దానికి చాలని గుంట మిగులుతాయి. ఎక్కడో పొరపాటు జరిగిందని ఆ చెక్కే చెప్పేస్తుంది. ఎవరూ కోప్పడక్కర్లేదు.

1907 జనవరి 6న రోమ్‌లో, సాన్ లొరెంజో అనే పేదల పేటలో మరియా మాంటిస్సోరి అనే డాక్టరు 'బాలల ఇల్లు' తెరిచారు. అక్కడ మూడేళ్ల పాప ఒకతె ఈ ముక్కలను తీస్తూ, పెడుతూ ఉంది. ఆ పాప ధ్యాస చెదురుతుందేమో చూద్దామని మాంటిస్సోరి చుట్టూ పిల్లలను పాడమన్నారు. కుర్చీతో సహా ఎత్తి బల్లమీద కూర్చోబెట్టారు. ఆ పాప దిమ్మెను ఒళ్లోకి లాక్కుని మళ్లీ మొదలుపెట్టింది! నలభైసార్లకు పైగా చేసి, తనంతట తనే ఆపి, నవ్వుతూ చుట్టూ చూసింది.

ఇదంతా చదివి కూడా నేనొక తప్పు చేశాను. ఒక బాబు ఆఖరి ముక్క పట్టుకుని దిమ్మె వంకే చూస్తున్నాడు. ఆగలేక చెయ్యి చాచి, ఏది మార్చాలో చూపించేశాను. వాడు చెప్పినట్టే పెట్టి, లేచి వెళ్లిపోయాడు. మళ్లీ చాలా రోజులు దాని జోలికి రాలేదు. ఇంకొక్క నిమిషంలో వాడికి దొరకబోయే జవాబును నేను లాగేసుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ టీచరు ఊరికే కూర్చోలేదు. ఎవరు దేనిలో మునిగిపోయారో, ఎవరు ఏమీ తోచక తిరుగుతున్నారో, ఎవరికి కొత్త పని చూపించే వేళయిందో గమనిస్తున్నారు. ఆ వేళ వచ్చినప్పుడు పక్కన కూర్చుని, నెమ్మదిగా, తక్కువ మాటలతో చేసి చూపించి తప్పుకుంటారు. పక్కవాళ్ల పని పాడుచేస్తే మాత్రం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

స్నేహితురాలు చదివేస్తోంది, నాకింకా రావడం లేదని దిగులు పడుతున్నారా? మూడేళ్లవాళ్లనూ ఆరేళ్లవాళ్లనూ ఒకే గదిలో ఉంచింది అందుకే. అక్కడ అందరూ ఒకేరోజు ఒకే పేజీలో ఉండనక్కర్లేదు.

రేపు మీరు ఏదైనా పని దగ్గర చిక్కుకున్నప్పుడు ఒక్కసారి మీ టీచరు చేతులు చూడండి. ఒళ్లో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ