చుక్క ఎంత, కిటికీ ఎంత

రెడ్ డాట్ సైట్, అంటే తుపాకీ పైన అమర్చే ఎర్రచుక్క గురి పరికరం, ఎంచుకునేవారు ముందుగా "ఎంత సైజు?" అని అడుగుతారు. ఆ ఒక్క మాటలో రెండు కొలతలు కలిసిపోయి ఉన్నాయి: గురి చూపే ఎర్రచుక్క పరిమాణం ఒకటి, ఆ చుక్కను చూసే గాజు కిటికీ పరిమాణం మరొకటి. వెంట ఉంచుకునే చిన్న పిస్తోలు విషయంలో మొదటిదాని గురించే ఎక్కువ తర్జనభర్జన జరుగుతుంది. ముందు తేల్చుకోవలసింది రెండోదని నా అభిప్రాయం.

పిస్తోలును వెంట ఉంచుకునే అలవాటు ప్రధానంగా అమెరికాది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే దాన్ని కలిగి ఉండడానికి వీల్లేదు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీల్లోనైతే ఇటువంటి ఎలక్ట్రానిక్ గురి పరికరాలను అసలు అనుమతించరు. అయినా ఇందులోని కాంతిశాస్త్రం తెలుసుకోదగినది.

ఎర్రచుక్క నిజానికి గాజు మీద ఉండదు. పరికరం అడుగున ఒక చిన్న ఎల్‌ఈడీ, దానికి ఎదురుగా వంపు తిరిగిన గాజు ఉంటాయి. ఆ గాజుకు ఎరుపు కాంతిని వెనక్కి తిప్పి, మిగిలిన రంగులను చాలావరకు సాగనిచ్చే పలుచని పూత ఉంటుంది. ఎల్‌ఈడీని ఆ వంపు నాభి (ఫోకస్) వద్ద అమర్చడం వల్ల తిరిగివచ్చే కిరణాలు సమాంతరంగా కంటికి చేరి, చుక్క ఎక్కడో దూరాన, లక్ష్యం దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. డబ్లిన్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్ 1900లో ఈ సూత్రంతో గురి పరికరాన్ని రూపొందించాడు. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో ఎలక్ట్రానిక్ చుక్కను తెచ్చింది. చత్వారం వచ్చిన కళ్ళకు ఇది పెద్ద మేలు, ఎందుకంటే దగ్గరున్న ఇనుప గురిని స్పష్టంగా చూడాలని కన్ను ఇక అవస్థ పడనక్కరలేదు.

చుక్కను మిల్లీమీటర్లలో కాక కోణంలో కొలుస్తారు. ఈ పరికరాల మీద ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) అని రాసి ఉండే కొలత మన పంచాంగాల్లోని కళే: భాగలో, అంటే డిగ్రీలో, అరవయ్యో వంతు. కొబ్బరితోటల పైకి లేచే నిండు చందమామ వెడల్పు సుమారు 31 కళలు కాబట్టి 6 కళల చుక్క అందులో అయిదో వంతు ఉంటుంది. కాలువ గట్టున 25 మీటర్ల దూరంలో ఉన్న కొబ్బరిచెట్టు మొదలును గురి చూస్తే, 3 కళల చుక్క 2011లో వచ్చిన రూపాయి బిళ్ళంత మేర, సుమారు 22 మి.మీ., కప్పుతుంది, 6 కళల చుక్క అటువంటి రెండు బిళ్ళలను పక్కపక్కన పెట్టినంత వెడల్పు కప్పుతుంది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 11.5 మి.మీ., అంటే దాదాపు 4 కళలు. 6 కళల చుక్క ఆ వలయాన్ని పూర్తిగా మింగేస్తుంది. కానీ వెంట ఉంచుకునే పిస్తోలుకు అంతటి సూక్ష్మత అక్కరలేదు. పెద్ద చుక్కను కన్ను త్వరగా పట్టుకుంటుంది, చేతి వణుకు కూడా అందులో అంతగా తెలియదు.

ఇక కిటికీ సంగతి. యానాంలో ఒక ఇంటి కిటికీ చువ్వల మధ్య నుంచి గౌతమి అవతలి గట్టు మీది దీపాన్ని చూస్తూ తల కొద్దిగా జరిపితే, దీపం చువ్వ చాటుకు పోతుంది. ఇక్కడ జరిగేదీ అదే. చేతులు చాచినప్పుడు కిటికీ కంటికి సుమారు 60 సెం.మీ. దూరంలో ఉంటుందనుకుంటే, పిస్తోలు మూతి ఒక్క డిగ్రీ లేచినా చుక్క అందులో పది మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. ట్రిజికాన్ సంస్థ తయారుచేసే ఆర్ఎంఆర్ అనే రకం కిటికీ సుమారు 22 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. ఎత్తు. నడిమి నుంచి అంచుకు 8 మి.మీ.లే కాబట్టి ముప్పావు డిగ్రీ తేడా వస్తే చాలు, చుక్క అంచు దాటి మాయమవుతుంది. అదే సంస్థ చేసే ఎస్ఆర్ఓ అనే పెద్ద రకం కిటికీ ఎత్తు 22 మి.మీ.కు పైనే కాబట్టి, అందులో చుక్క ఒక డిగ్రీ దాటేవరకు నిలుస్తుంది. కొత్తవారు "చుక్క కనబడడం లేదు" అని వాపోయేది ఈ రెంటి మధ్య ఉన్న పావు డిగ్రీ దగ్గరే. చుక్కను ఎంత పెద్దది చేసినా కిటికీ దాటిపోయిన చుక్క కనబడదు.

అయితే పెద్ద కిటికీ ఊరికే రాదు. ఆర్ఎంఆర్ బరువు దాదాపు 34 గ్రాములైతే ఎస్ఆర్ఓ 45 గ్రాములు. ఎత్తయిన గాజు బట్టల కింద ఉబ్బెత్తుగా తెలుస్తుంది, కింద పడితే దెబ్బ ముందు దానికే తగులుతుంది. సన్నని పిస్తోళ్ళకు వెడల్పు పరికరం అసలు అమరదు. వాటి కోసమే షీల్డ్ ఆర్ఎంఎస్‌సి వంటి సన్నని రకాలు, 4 కళల చుక్కతో, వచ్చాయి. నేనైతే పిస్తోలు వెడల్పుకు అమరే కిటికీల్లో అన్నిటికంటే ఎత్తయినదాన్ని ముందు ఎంచి, ఆ తరువాతే చుక్కను చూస్తాను.

చుక్క గుండ్రంగా కాక కామాలా సాగి కనిపిస్తే, పరికరాన్ని తప్పుపట్టే ముందు సెల్‌ఫోన్ కెమెరాతో చూడాలి. కెమెరాలో అది గుండ్రంగా ఉంటే లోపం కంటిలోని ఆస్టిగ్మాటిజానిది, అంటే కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడానిది. అటువంటివారు కాంతిని తగ్గించుకుంటే సాగుడు కొంత తగ్గుతుంది.

మన డెల్టాకు ప్రత్యేకమైన ఇబ్బంది తేమ. వానాకాలంలో ఏసీ గదిలో చల్లబడిన గాజును వరండాలోకి తెస్తే కళ్ళద్దాలకు పట్టినట్టే ఆవిరి పడుతుంది. తెరిచి ఉన్న రకాల్లో ఒక్క నీటిబొట్టు ఎల్‌ఈడీ మీద నిలిచినా చుక్క చెదిరిపోతుంది. 2019లో వచ్చిన ఎయిమ్‌పాయింట్ ఆక్రో వంటి మూసి ఉన్న రకాల్లో ఎల్‌ఈడీ రెండు గాజుల మధ్య భద్రంగా ఉంటుంది. బయటి గాజులకు పట్టిన ఆవిరిని మాత్రం అక్కడా తుడుచుకోవలసిందే.