నీలం సూటు వెనక త్రాసు

అద్దానికి ముఖం ఆనించి ఒక చిన్నపిల్ల చూస్తూ ఉంటుంది. నలుగురు అమ్మాయిలు ఒకే నీలం రంగు సూట్లలో, తల మీద బుల్లి టోపీలు, చేతులకు తెల్ల గ్లౌజులతో విమానం వైపు నడిచి వెళ్తుంటారు. 2011 సెప్టెంబర్ 25న అమెరికాలో ఏబీసీ చానల్‌లో మొదలైన ‘పాన్ యామ్’ సీరియల్ తొలి ఎపిసోడ్‌లో చూసినవాళ్లకు గుర్తుండిపోయిన సీన్ ఇది. కథాకాలం 1963. నటించినవాళ్లలో క్రిస్టినా రిచీ పేరున్న నటి. మార్గో రాబీ పేరు మాత్రం అప్పటికి అమెరికాలో పెద్దగా ఎవరికీ తెలియదు. మొదటి ఎపిసోడ్‌ను కోటి మందికి పైగా చూశారు. తర్వాత వారం వారం జనం తగ్గిపోయి, 14 ఎపిసోడ్లకే 2012 ఫిబ్రవరిలో ఆగిపోయింది.

సీరియల్ పోయినా దాని చుట్టూ మొదలైన వాదన పోలేదు. ఆ రోజుల్లో విమానంలో పని చేసే ఆడవాళ్లది వైభోగమా, వెట్టిచాకిరీయా? ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ నాన్సీ హల్ట్ గానిస్ స్వయంగా అదే పేరున్న అమెరికా విమాన సంస్థ పాన్ యామ్‌లో స్టీవార్డెస్‌గా చేసిన మనిషి. అందుకే కాబోలు, తొలి ఎపిసోడ్‌లోనే యూనిఫాం సోకుతో పాటు దాని కింద ఉన్న సంగతి కూడా చూపించారు. డ్యూటీకి ముందు సూపర్‌వైజర్ తనిఖీ చేస్తుంది. బరువు చూస్తుంది. నడుమును బిగించి కట్టే గర్డిల్ వేసుకున్నారా లేదా అని చూస్తుంది. అది వేసుకోనందుకే ఒకమ్మాయి సస్పెండ్ అయి ఉంటుంది. రచయితలు మసాలా కోసం కల్పించింది కాదు, అప్పట్లో నిజంగా జరిగేదే. ఆ నీలం సూటు కూడా నిజమైనదే. 1959లో బెవర్లీ హిల్స్ డిజైనర్ డాన్ లోపర్ గీసిచ్చాడు.

ఈ ఉద్యోగం సోకుతో మొదలవలేదు. ఎలెన్ చర్చ్ అనే అయోవా అమ్మాయి విమానం నడపడం నేర్చుకుంది, పైలట్ ఉద్యోగం ఇవ్వమని బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్‌ను అడిగింది. ఇవ్వలేదు. ఆమె నర్సు కూడా. పైలట్‌గా వద్దంటే నర్సుగానైనా ఎక్కించుకోండి, విమానమంటే హడలిపోతున్న జనానికి ధైర్యంగా ఉంటుంది అంది. కంపెనీకి ఆ ఆలోచన నచ్చింది. 1930 మే 15న ఓక్లాండ్ నుంచి షికాగోకు ఆమె మొదటి ప్రయాణం. దారిలో 13 చోట్ల ఆగుతూ దాదాపు 20 గంటలు. ఊడిపోతున్న సీట్లకు బోల్టులు బిగించాలి, కక్కుకున్నవాళ్లను చూసుకోవాలి, టాయిలెట్ అనుకుని ఎవరూ బయటి తలుపు తీయకుండా కాపలా కాయాలి. ఇంత చాకిరీకి పెట్టిన షరతులు: వయసు 25 దాటకూడదు, పెళ్లి కాకూడదు, బరువు 115 పౌండ్లు, అంటే 52 కిలోలు మించకూడదు. విమానాలు చిన్నవి కాబట్టి బరువు లెక్క అప్పుడు కొంత అర్థమున్న మాటే. విమానాలు పెరిగాక కూడా త్రాసు మాత్రం అక్కడే ఉండిపోయింది.

విచిత్రం ఏమిటంటే, స్టీవార్డెస్ అనగానే అమెరికా వాళ్లకు గుర్తొచ్చే పాన్ యామ్ మాత్రం 1944 దాకా ఆడవాళ్లను తీసుకోనే లేదు. సముద్రం మీద వాలే దాని పెద్ద పడవ విమానాల్లో వడ్డనంతా మగ స్టీవార్డులదే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

మరి నర్సు బట్టల స్థానంలో ఫ్యాషన్ ఎందుకొచ్చింది? నా ఉద్దేశంలో దీని జవాబు టికెట్ కౌంటర్ దగ్గరుంది. 1938 నుంచి అమెరికాలో లోపలి రూట్ల చార్జీలు ప్రభుత్వ బోర్డు చేతిలో ఉండేవి. విదేశీ రూట్ల చార్జీలను విమానయాన సంస్థల సంఘం ఐయాటా కట్టడి చేసేది. న్యూయార్క్ నుంచి లండన్‌కు ఏ కంపెనీలో వెళ్లినా దాదాపు ఒకటే రేటు. వంద తగ్గించి పక్కవాడి గిరాకీ లాక్కునే దారి లేదు. ఇక పోటీ పడాల్సింది తిండిలో, సీట్లలో, ముస్తాబులో. ఎంత దూరం వెళ్లిందంటే, 1958లో ఎకానమీ ప్రయాణికులకు యూరప్ కంపెనీలు పెడుతున్న శాండ్‌విచ్‌లు మరీ ఘనంగా ఉన్నాయని పాన్ యామ్ ఫిర్యాదు చేసింది. శాండ్‌విచ్ అంటే ఏమిటన్న దాని మీద పంచాయితీ నడిచింది!

అమ్మాయి ముస్తాబు మీద మాత్రం ఎవరూ పంచాయితీ పెట్టలేదు. 1965లో బ్రానిఫ్ సంస్థ ఇటలీ డిజైనర్ ఎమిలియో పుచీని పిలిపించింది. ఒకదాని మీద ఒకటి వేసుకున్న దుస్తులను ప్రయాణం సాగుతుంటే ఒక్కొక్కటిగా తీసేయాలి. దాన్నే ప్రకటనల్లో ‘ఎయిర్ స్ట్రిప్’ అన్నారు. రన్‌వే అనే అర్థం పైకి, బట్టలు విప్పడం అనే అర్థం లోపలికి. వానకు జుట్టు చెదరకుండా తల మీద బోర్లించిన గాజు బుట్టలాంటి ప్లాస్టిక్ హెల్మెట్ కూడా ఉండేది. ఫొటోల్లో ఇవాళ చూస్తే చంద్రుడి మీదికి వెళ్తున్నట్టుంటారు. డిజైన్‌గా అద్భుతమే, కాదనను. కానీ అది కంపెనీ కదిలే హోర్డింగ్, దాన్ని మోసింది ఆ అమ్మాయిలు.

హోర్డింగ్ పాతబడితే దించేస్తారు కదా. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1953లో 32 ఏళ్లు నిండితే ఎగిరే ఉద్యోగం లేదని రూల్ పెట్టింది. పెళ్లయితే ఇంటికి పంపడం చాలా కంపెనీల్లో మామూలే. 1958 ఫిబ్రవరిలో మోహాక్ ఎయిర్‌లైన్స్‌లో ఎగిరిన రూత్ కరోల్ టేలర్ ఆ ఉద్యోగంలో అమెరికా తొలి నల్లజాతి మహిళ. రంగు అడ్డుగోడ దాటి లోపలికొచ్చిన ఆమెను ఆరు నెలలకే పెళ్లి రూల్ బయటికి పంపింది.

సీరియల్ కథ నడిచే 1963లోనే న్యూయార్క్‌లో అసలు డ్రామా ఒకటి జరిగింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ స్టీవార్డెస్‌లు కొందరు యూనియన్ తరఫున ప్రెస్‌మీట్ పెట్టారు. వరసగా నిలబడి, మాలో 32 దాటిందెవరో చెప్పుకోండి చూద్దాం అని విలేకరులను అడిగారు. అందం మీద పెట్టిన రూల్‌ను అందంతోనే కొట్టడం అన్నమాట. తెలివైన ఎత్తే. అయితే మమ్మల్ని మొహం చూసి లెక్కగట్టండి అని వాళ్లే ఒప్పుకున్నట్టు కూడా అయింది. అది వాళ్లకు తెలియకపోలేదు, అప్పటికి చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే.

మరుసటి ఏడాది ఇంకో ఆయుధం దొరికింది. 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో ఆడా మగా వివక్షను నిషేధించింది. ఆ చట్టం కింద ఏర్పడిన కమిషన్ 1965 జూలైలో తలుపులు తెరిస్తే, మొదట ఫిర్యాదులు పట్టుకెళ్లినవాళ్లలో స్టీవార్డెస్‌లున్నారు. గాలిలో ఉద్యోగం అసలు స్వరూపాన్ని తేల్చిన కేసు మాత్రం వేసింది ఒక మగవాడు.

సెలియో డియాజ్ 1967లో పాన్ యామ్‌లో క్యాబిన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. మగవాళ్లను తీసుకోం అన్నారు. 1944 దాకా మగవాళ్లతోనే నడిపిన కంపెనీ! కోర్టులో పాన్ యామ్ ఎరిక్ బర్న్ అనే పేరున్న సైకియాట్రిస్టును నిలబెట్టింది. మూసేసిన క్యాబిన్‌లో కూర్చున్న ప్రయాణికుడి భయం, విసుగు, టెన్షన్ పోగొట్టడానికి ఆడవాళ్లే సరైనవాళ్లని ఆయన సిద్ధాంతం. ప్రయాణికుల్లో 79 శాతం ఆడవాళ్లే కావాలన్నారని సర్వే చూపించారు. కింది కోర్టు సరేనంది. 1971 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. విమాన సంస్థ అసలు పని మనుషులను క్షేమంగా చేర్చడం, ఆహ్లాదం కలిగించడం పక్కపని, కస్టమర్ల ముచ్చట కోసం వివక్ష చూపడం కుదరదు అంది. మగాడు గెలిచిన కేసే, కానీ గర్డిల్‌కూ త్రాసుకూ ఉన్న సాకు కూడా ఇక్కడే చిరిగింది. అదే ఏడాది యునైటెడ్ సంస్థ పెళ్లి రూల్ కూడా ఇంకో కోర్టులో చెల్లకుండా పోయింది. 1978లో చార్జీల మీద ప్రభుత్వ పట్టు సడలాక కంపెనీలు ధరలతో పోటీ పడడం మొదలుపెట్టాయి.

మన దగ్గర ఇదే కథ పదేళ్లు ఆలస్యంగా, చీరలో నడిచింది. ఎయిర్ ఇండియా హోస్టెస్‌లు మొదట పాశ్చాత్య తరహా యూనిఫాంలో ఉండేవాళ్లు, 1960ల మొదట్లో చీరలోకి మారారు. పేరు మోసిన చీర, దాని కింద అదే రూల్‌బుక్. 35 ఏళ్లు నిండినా, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లయినా, మొదటిసారి గర్భం వచ్చినా, ఏది ముందొస్తే అప్పుడు ఇంటికే. అదే క్యాబిన్‌లో పని చేసే మగ పర్సర్లకు రిటైర్మెంట్ 58. నర్గీస్ మీర్జా కేసులో 1981 ఆగస్టు 28న సుప్రీంకోర్టు గర్భం రూల్‌ను కొట్టేస్తూ అది భారత స్త్రీత్వానికి బహిరంగ అవమానమని మండిపడింది. అదే తీర్పులో నాలుగేళ్లు పెళ్లి చేసుకోకూడదన్న రూల్‌ను మాత్రం ఉంచేసింది, కుటుంబ నియంత్రణకు మంచిదట! ఒకే తీర్పులో ఈ రెండు మాటలూ చదువుతుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

తెలుగు పత్రికలు ఈ ఉద్యోగానికి గగనసఖి అని పేరు పెట్టాయి. చెవికి ఇంపుగానే ఉంటుంది, కానీ ఆ మాటలో తోడు కూర్చునే స్నేహితురాలే కనిపిస్తుంది. పొగ కమ్మిన క్యాబిన్‌లో తలుపు తెరిచి జనాన్ని కిందికి దూకించే మనిషి కనిపించదు.

సీరియల్ కథ జరిగే 1963లోనే, సెప్టెంబర్ 7న చండీగఢ్‌లో నీర్జా భానోత్ పుట్టింది. పెరిగి అదే పాన్ యామ్‌లో చేరింది. 1986 సెప్టెంబర్ 5న ముంబై నుంచి బయల్దేరి కరాచీలో ఆగిన ఫ్లైట్ 73లోకి నలుగురు సాయుధులు చొరబడ్డారు. ఆమె, తోటి సిబ్బంది హెచ్చరించగానే పైలట్లు పై తలుపు గుండా తప్పించుకున్నారు, విమానం ఎగరకుండా ఆగిపోయింది. లోపల మిగిలింది ప్రయాణికులు, క్యాబిన్ సిబ్బంది. అమెరికన్లను ఏరడానికి అందరి పాస్‌పోర్టులూ పోగుచేసి ఇమ్మన్నారు ఆ సాయుధులు. ట్రే పట్టుకుని వరసల మధ్య నడవడానికి శిక్షణ పొందిన ఆ అమ్మాయిలు పాస్‌పోర్టులు తీసుకుంటూ, అమెరికా పాస్‌పోర్టులను మాత్రం ఎవరికీ తెలియకుండా సీట్ల కిందికి తోసేశారు.