ఒకే నది, రెండు తీర్పులు: విహారయాత్రల్లో బాధ్యత ఎవరిది?

పిల్లల్ని టూర్‌కి పంపేటప్పుడు ఇంటికి ఒక కాగితం వస్తుంది. అందులో చివరి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: 'ఏదైనా అనుకోని సంఘటన జరిగితే యాజమాన్యానికి సంబంధం లేదు.' నాన్నో అమ్మో చదవకుండానే సంతకం పెట్టేస్తారు. ఆ వాక్యం కోర్టులో ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే బియాస్ నది దగ్గరికి వెళ్లాలి.

1995 మే 28న పఠాన్‌కోట్ దగ్గర బధానీలోని ఒక స్కూలు పిల్లల్ని బియాస్ ఒడ్డుకు పిక్నిక్‌కి తీసుకెళ్లారు. వాళ్లలో 14 మంది నదిలో మునిగి చనిపోయారు. తల్లిదండ్రులు హిమాచల్ హైకోర్టుకు వెళితే ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని తీర్పు వచ్చింది. యాజమాన్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తప్పు వెంట వెళ్లిన టీచర్లదైతే స్కూలు ఎందుకు కట్టాలి, అదీ అంత మొత్తమా అన్నది వాదన. 2001 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పిక్నిక్ స్కూలు పెట్టింది, టీచర్లు స్కూలు పని మీదే వెళ్లారు. కాబట్టి వాళ్ల నిర్లక్ష్యానికి స్కూలే జవాబుదారీ. పిల్లలు గేటు దాటినా, స్కూలు బాధ్యత గేటు దగ్గర ఆగిపోదని తేలిపోయింది.

ఆ తీర్పు వచ్చిన పదమూడేళ్లకు అదే నది మన ఇళ్లలోకి వచ్చింది. 2014 జూన్ 8 సాయంత్రం హైదరాబాద్ వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు మనాలి వైపు వెళుతూ మండీ జిల్లా థలౌట్ దగ్గర ఆగారు. రోడ్డు పక్కనే నది. నీళ్లు తక్కువగా ఉన్నాయి, మధ్యలో గుండ్రాళ్లు తేలి ఉన్నాయి. ఫోటోల కోసం దిగారు. ఎగువన లార్జీ ప్రాజెక్టులో కరెంటు ఉత్పత్తి తగ్గించమని ఆదేశం రావడంతో నీటిని కిందికి వదిలారు. నిమిషాల్లో రాళ్లు మునిగిపోయాయి. 24 మంది విద్యార్థులు, వాళ్ల వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. శవాల కోసం వారాల తరబడి ఆ ఒడ్డున కూర్చున్న తల్లిదండ్రుల్ని టీవీలో చూసినవాళ్లం మనం.

హిమాచల్ హైకోర్టు ఈ కేసును తనంతట తానే చేపట్టింది. 2016 జనవరిలో ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇవ్వాలంది. అందులో 60 శాతం విద్యుత్ బోర్డు, 30 శాతం కాలేజీ, 10 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించాలి. నా దృష్టిలో అసలు విషయం ఆ 30 శాతమే. నీళ్లు వదిలింది కాలేజీ కాదు. అయినా కొత్త చోట, తెలియని నదిలోకి పిల్లలు దిగుతుంటే ఆపే బాధ్యత తీసుకెళ్లినవాళ్లది.

ఇక సంతకం కాగితం సంగతి. టూర్‌కి వెళ్లడానికి ఒప్పుకోవడం వేరు, అవతలివాళ్ల నిర్లక్ష్యాన్ని ముందే మాఫీ చేయడం వేరు. ఆ ఫారం చూపించి ఎవరూ నిర్లక్ష్యం కేసు నుంచి బయటపడలేరు. క్రిమినల్ కేసైతే అసలే కాదు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత ఐపీసీ 304ఏ కింద గరిష్ఠంగా రెండేళ్ల జైలు ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దాన్ని అయిదేళ్లు చేసింది.

బియాస్ ఘటన తర్వాత, 2015లో కాలేజీలు, యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ విద్యార్థుల భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా 2024 జనవరి 18న వడోదరలోని హర్ణీ చెరువులో స్కూలు పిల్లల పడవ బోల్తా పడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పడవ పట్టేదానికంటే ఎక్కువ మందిని ఎక్కించారు. అందరికీ లైఫ్ జాకెట్లు లేవు.

ఇదంతా విని టూర్లే మానేద్దామనే ప్రిన్సిపాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. బియాస్ ఘటనకు రెండు వారాల ముందు, 2014 మే 25న, తెలంగాణ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. థలౌట్ రాళ్ల కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమైన చోటది. కానీ ఆ అమ్మాయి ముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకుంది, తర్వాత నెలల తరబడి శిక్షణ తీసుకుంది, పక్కన కొండ తెలిసినవాళ్లు ఉన్నారు. ఈసారి ఆ కాగితం ఇంటికి వస్తే, సంతకానికి ముందు స్కూలుకి ఫోన్ చేసి ఒక్కటి అడగండి: పిల్లలతో వస్తున్నవాళ్లలో ఆ చోటు తెలిసినవాళ్లు ఎవరు?