పలచని ఇంజిన్ ఆయిల్ ఎక్కడి నుంచి వచ్చింది?

2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ అమెరికాలో దాదాపు 6 లక్షల పికప్‌లను, ఎస్‌యూవీలను వెనక్కి పిలిచింది. వాటిలోని 6.2 లీటర్ల వి8 ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల తయారీ లోపాలు బయటపడ్డాయి. తనిఖీలో బాగున్నాయని తేలిన బండ్లలో మాత్రం 0డబ్ల్యూ-20 ఆయిల్ తీసేసి, దానికన్నా చిక్కనైన 0డబ్ల్యూ-40 పోయాలని కంపెనీ చెప్పింది. ఈ పేర్లలో డబ్ల్యూ ముందరి అంకె చలిలో ఆయిల్ చిక్కదనాన్ని, గీత తర్వాతిది వేడెక్కాక చిక్కదనాన్ని చెబుతుంది; అంకె తగ్గేకొద్దీ ఆయిల్ పలచన. పలచని ఆయిలే ఇంజిన్లను తినేస్తోందని ఏళ్లుగా వాదిస్తున్నవారికి ఇంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. తప్పు భాగాల తయారీలో జరిగిందన్న సంగతి ఆ వాదనల హోరులో మరుగునపడింది. అలాగని ఆ అనుమానాన్ని కొట్టిపారేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఆయిల్ పలచబడింది ఇంజిన్ మన్నిక కోసం కాదు, ఇంధన పొదుపు కోసం.

1973లో అరబ్ దేశాలు చమురు ఎగుమతులు ఆపేశాక అమెరికా ఉలిక్కిపడింది. 1975లో చట్టం చేసి, ఒక్కో కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీకి లక్ష్యం పెట్టింది. 1978 మోడళ్లకు గ్యాలన్‌కు 18 మైళ్లు, 1985 నాటికి 27.5 మైళ్లు. మన లెక్కలో లీటరుకు సుమారు 7.6 నుంచి 11.7 కిలోమీటర్లకు పెరగాలి. సగటు తప్పితే జరిమానా.

లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారు ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే 800 లీటర్ల పెట్రోలు తాగుతుంది. ఆయిల్ వల్ల ఒక శాతం ఆదా అయితే యజమానికి మిగిలేది 8 లీటర్లు. లక్షల కార్లు అమ్మే కంపెనీకి మాత్రం అదే ఒక శాతం చాలా విలువైనది. పైగా ఇంజిన్‌ను కొత్తగా గీయడంతో పోలిస్తే ఆయిల్ మార్చడం చవక. 2001 మోడళ్ల నాటికి ఫోర్డ్, హోండా అమెరికాలో 5డబ్ల్యూ-20కి మారాయి. తర్వాత 0డబ్ల్యూ-20 మామూలైపోయింది. ఈ గ్రేడులను నిర్ణయించే ఎస్‌ఏఈ ప్రమాణంలో 2013లో 16 గ్రేడు, 2015లో 12, 8 గ్రేడులు చేరాయి. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం కనీసం 12.5 సెంటీస్టోకులు. 16 గ్రేడుకు 6.1 ఉంటే చాలు, దాదాపు సగం.

చిక్కదనం తగ్గితే పంపుకు, బేరింగులకు, పిస్టన్లకు ఆయిల్‌ను తోసుకుంటూ కదలడం తేలికవుతుంది. కానీ లోహ భాగాల మధ్య నిలిచే ఆయిల్ పొర కూడా పలచబడుతుంది. వాల్వులను తెరిచే క్యామ్ దగ్గర, పిస్టన్ పైకీ కిందికీ మళ్లే చోట, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు లోహం లోహాన్ని తాకే అవకాశం పెరుగుతుంది. అక్కడ కాపాడే పని చిక్కదనం నుంచి రసాయనాలకు బదిలీ అయింది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదేనని నేననుకుంటాను.

1940ల నుంచి ఆ పని చేస్తున్నది జింకు, ఫాస్ఫరస్, గంధకం కలిసిన జెడ్‌డీడీపీ. రాపిడి ఉన్న చోట అది లోహంపై రక్షణ పొర కడుతుంది. అయితే ఆయిల్ కాలినప్పుడు వెలువడే ఫాస్ఫరస్ పొగగొట్టంలో విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను నిర్వీర్యం చేస్తుంది. అందుకే 2004లో వచ్చిన జీఎఫ్-4 అనే కార్ల ఆయిల్ ప్రమాణం ఆయిల్‌లో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి మించనివ్వలేదు. అంటే ఆయిల్ పలచబడుతున్న కాలంలోనే పాత రక్షకుడికీ పరిమితి పడింది. ఆ లోటు పూడ్చినవాటిలో ముఖ్యమైనది మాలిబ్డినమ్ సమ్మేళనం ఎంఓడీటీసీ. వేడికీ ఒత్తిడికీ అది విడిపోయి, ఒకదానిపై ఒకటి సులువుగా జారే మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ పొరలుగా మారుతుంది. కాబట్టి డబ్బా మీది అంకె ఒక్కటే చూసి ఆయిల్ మంచిచెడ్డలు తేల్చడం ఇప్పుడు కుదరదు.

మన దేశంలోనూ 2017 నుంచి కంపెనీల సగటు ఇంధన వినియోగానికి పరిమితి ఉంది. 2022లో అది మరింత బిగిసింది. కొత్త పెట్రోలు కార్ల మాన్యువళ్లలో 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 కనిపించడానికి ఇదొక పెద్ద కారణం. "మన ఎండలకు ఇది ఆగదు, చిక్కటిది పోద్దాం" అనే మెకానిక్ మాటలో శ్రద్ధ ఉంది. అయితే వేడెక్కిన ఇంజిన్‌లో ఉష్ణోగ్రతను థర్మోస్టాట్, కూలెంట్ అదుపు చేస్తాయి. రెంటచింతల మే నెల ఎండ కన్నా నిండు బరువుతో ఘాట్ ఎక్కడం, గంటల తరబడి అతివేగం ఆయిల్‌కు ఎక్కువ పరీక్ష. అలాంటి వాడకానికి కాస్త చిక్కని గ్రేడు మేలు కావచ్చని కొన్ని మాన్యువళ్లే చెబుతాయి. ఆ పేజీ చదివి నిర్ణయించుకోవాలి.

దుకాణాల్లో విడిగా అమ్మే "రాపిడి తగ్గించే" సీసాల సంగతి వేరు. అమెరికాలో స్లిక్ 50 అనే అలాంటి మందు ప్రకటనలకు తగిన ఆధారాలు లేవని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపగా, 1997లో ఆ వ్యవహారం రాజీతో ముగిసింది. ఆయిల్‌లో మందులన్నీ ఒకదానికొకటి సరిపోయేలా కొలిచి కలిపి ఉంటాయి. పైనుంచి మరొకటి పోస్తే ఆ తూకం చెడవచ్చు.

కారుకు మేలు చేసే, రాపిడి తగ్గించే గుణమే మోటార్ సైకిల్‌కు కీడు. గేర్ల బండ్లలో చాలావాటికి క్లచ్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. రాపిడి మరీ తగ్గితే అది జారిపోతుంది. అందుకే జపాన్ వారి జేఏఎస్‌ఓ ప్రమాణంలో ఆ బండ్లకు ఎంఏ, క్లచ్ పొడిగా ఉండే గేర్లు లేని స్కూటర్లకు ఎంబీ అని రెండు తరగతులున్నాయి. కారు కోసం కొన్న డబ్బాలో మిగిలింది బైకులో పోసే ముందు ఎంఏ అనే ఆ రెండక్షరాలు వెతకండి.