రియల్ ఎస్టేట్ రాతలకు అవార్డులా? అపోహలు - వాస్తవాలు

ప్రాపర్టీ పేజీకి రాసే మా బృందం ఈసారి కూడా రియల్ ఎస్టేట్ జర్నలిజం పోటీకి కథనాలు పంపుతోంది. ఈ సంగతి చెప్పగానే తోటి విలేకర్లు కూడా కొన్ని మాటలు అంటుంటారు. వాటికి జవాబులివి.

అపోహ: బిల్డర్ ఇచ్చిన సమాచారాన్ని నాలుగు మంచి మాటలతో తిరగరాయడమే కదా, దానికి అవార్డేంటి?

వాస్తవం: అమెరికాలో ఈ రంగం గురించి రాసే ఎడిటర్లకు 1929 నుంచే జాతీయ సంఘం ఉంది. మంచి కథనాలకు ఏటా పోటీ పెట్టి బహుమతులిస్తుంది. అంతెందుకు, 1989లో పరిశోధనాత్మక విభాగంలో అక్కడి ప్రముఖ పత్రికా పురస్కారం పులిట్జర్ వచ్చింది గృహరుణాల మీద రాసిన కథనాలకే. అట్లాంటా పత్రికలో బిల్ డెడ్‌మన్ రాశారు. రుణ సంస్థలు ప్రభుత్వానికి ఇచ్చిన లెక్కలనే తవ్వితీశారు. ఆదాయం ఒకే స్థాయిలో ఉన్నా, నల్లజాతివారి వాడలకంటే తెల్లవారి వాడలకు ఐదు రెట్లు ఎక్కువ రుణాలు వెళ్తున్నాయని నిరూపించారు. ఇల్లు ఎవరికి దక్కుతోంది, ఎవరికి దక్కట్లేదు అన్నది ఇంతకంటే గట్టిగా ఎలా చెప్తాం?

అపోహ: భాష అందంగా ఉంటే చాలు, బహుమతి ఖాయం.

వాస్తవం: మేం ఎంట్రీకి ఎంచుకున్న ఒక కథనం సంగతి చెప్తాను. నగర శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు. బ్రోచర్ నిండా ఐదు టవర్ల బొమ్మ, అడుగున సన్నటి అక్షరాల్లో రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు. ఆ నంబరు రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే రిజిస్టరైంది ఒక్క టవరే! దశలవారీగా కట్టే ప్రాజెక్టులో ప్రతి దశకూ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలని 2016 రెరా చట్టం చెబుతోంది. అది లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టరైంది ఒక్క టవరేనన్నదే మా కథనంలో మొదటి వాక్యం. అడ్వాన్స్ కట్టబోతున్న పాఠకులు ఫోన్ చేసి, మిగతా టవర్ల సంగతేంటని టెన్షన్‌గా అడిగారు. ఆ వాక్యానికి ఏ అలంకారమూ అవసరం లేకపోయింది.

అపోహ: చదరపు అడుగుల లెక్కలు ఎవరు చదువుతారు?

వాస్తవం: జీవితకాలం ఈఎంఐ కట్టేవాళ్లు చదువుతారు. కార్పెట్ ఏరియా అంటే గోడల లోపల మనం వాడుకునే చోటు. మెట్లు, లిఫ్టు, కారిడార్‌లలో వాటా కూడా కలిపి చెప్పేది సూపర్ బిల్టప్. ఈ రెంటికీ మధ్య తేడా తెలియకుండా ధర పోల్చి చూడడం కుదరదు.

అపోహ: బిల్డర్ల ఫంక్షన్‌లో ఇచ్చే షీల్డూ ఇదీ ఒకటే.

వాస్తవం: కాదు. ప్రకటనలిచ్చేవాళ్లు సత్కరించడం వేరు, వృత్తి తెలిసినవాళ్లు చదివి తూకం వేయడం వేరు.

అపోహ: గెలవకపోతే పంపి లాభమేంటి?

వాస్తవం: పంపే ముందు ఒకరు రాసినదాన్ని ఇంకొకరు సర్వే నంబరు దగ్గర్నుంచి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) దాకా మళ్లీ సరిచూస్తాం. తేడా కనిపిస్తే ఆ కథనం పోటీకి వెళ్లదు. ఆ వడపోతలో నిలిచిన కథనాలతో బరిలో దిగుతున్నందుకు, ఫలితాలు రాకముందే మాకు గర్వంగా ఉంది.