రబ్బరు బొమ్మా, గ్రాఫిక్సా? ‘ది థింగ్’ గొడవలో అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో ఒక వీఎఫ్‌ఎక్స్ స్టూడియోలో కంపోజిటర్‌గా పనిచేస్తాను. ఒకచోట తీసిన మనిషిని, ఇంకోచోట తయారైన రాక్షసిని, ఎక్కడా లేని ఆకాశాన్ని తెచ్చి, అన్నీ ఒకే కెమెరా ముందు ఒకేసారి జరిగినట్టు నమ్మించడం మా పని. ఈ ఫీల్డ్‌లో ఇద్దరు హారర్ పిచ్చోళ్లు కలిస్తే పది నిమిషాల్లో మాట ‘ది థింగ్’ మీదికి మళ్లుతుంది. 1982లో జాన్ కార్పెంటర్ తీసిన హాలీవుడ్ సినిమా గొప్పదా, దానికి ముందుకథగా 2011లో అదే పేరుతో వచ్చిన సినిమాకి అన్యాయం జరిగిందా, చివర్లో మిగిలిన ఇద్దరిలో మనిషెవరు అంటూ గంటలు గడిచిపోతాయి. ఈ వాదనల్లో మా పని గురించి చెప్పే మాటలు చాలావరకు తప్పు. వాటి సంగతి చూద్దాం.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: అంటార్కిటికాలో ఒక అమెరికన్ పరిశోధన కేంద్రం, అందులో 12 మంది మగాళ్లు. మంచులో లక్ష ఏళ్లుగా గడ్డకట్టిన ఒక జీవి బయటికొస్తుంది. అది ఎవర్ని మింగితే అచ్చం వాళ్లలాగే మారిపోతుంది. పక్కనున్నవాడు మనిషో కాదో తెలియదు. కింది సంగతుల్లో కథ గుట్లు బయటపడతాయి, ముందే చెబుతున్నా.

అపోహ: జాన్ కార్పెంటర్ తీసింది 1951 సినిమాకి రీమేక్.

పేరు చూసి అలా అనుకుంటారు. రెండిటికీ మూలం ఒక్కటే. జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ 1938లో డాన్ ఎ. స్టువర్ట్ అనే మారుపేరుతో రాసిన ‘హూ గోస్ దేర్?’ అనే పెద్దకథ అది. అందులోని జీవి ఎవరిలాగైనా మారగలదు, కథలోని భయమంతా అక్కడే ఉంది. హోవార్డ్ హాక్స్ నిర్మాతగా, క్రిస్టియన్ నైబీ దర్శకుడిగా 1951లో తీసినవాళ్లు దాన్నే వదిలేశారు. కథ ఉత్తర ధ్రువానికి మారింది. జీవి మొక్కజాతి మనిషయింది, ఆ వేషం ఆరడుగులకు పైనున్న జేమ్స్ ఆర్నెస్ వేశాడు. తలుపు తీయగానే ఎదురుగా నిలబడే రాక్షసుడన్నమాట. సరదాగా ఉంటుంది, మాటలు చకచకా నడుస్తాయి, కానీ అనుమానం అనే సరుకు అందులో లేదు. కార్పెంటర్, రచయిత బిల్ లాంకాస్టర్ తిరిగి క్యాంప్‌బెల్ కథ దగ్గరికే వెళ్లారు.

అలాగని పాత సినిమా అంటే కార్పెంటర్‌కి చిన్నచూపు ఉందనుకోకండి. 1978లో తాను తీసిన ‘హాలోవీన్’లో పిల్లలు టీవీలో చూసేది ఆ 1951 సినిమానే. 82 సినిమాలో, ఆ జీవిని ముందుగా బయటికి తీసిన పక్క క్యాంపు నార్వే వాళ్ల వీడియో టేపులో మనుషులు మంచు మీద గుండ్రంగా నిలబడి కింద ఉన్న అంతరిక్ష ఓడ పళ్లెం ఆకారాన్ని చూపించే దృశ్యం పాత సినిమాకి పెట్టిన దండం. తెరని కాల్చుకుంటూ టైటిల్ రావడం కూడా అక్కడిదే. కొత్త సినిమా కోసం దాన్ని పీటర్ క్యూరన్ చేశాడు. చేపల తొట్టిలో పొగ నింపి, దాని మీద చెత్త వేసే ప్లాస్టిక్ కవర్ బిగించి, వెనకాల అక్షరాలు, లైటు పెట్టి, కవర్‌కి నిప్పంటించారు. ప్లాస్టిక్ కాలి ముడుచుకుంటున్నకొద్దీ చిరుగుల్లోంచి వెలుగు దూసుకొస్తుంది. ఇవాళ మేం ఇలాంటి టైటిల్ చేయాలంటే సిమ్యులేషన్ వేసి, రెండర్ పెట్టి, రెండు రోజులు కూర్చుంటాం. అయినా ఆ ముడతలు అంత అడ్డదిడ్డంగా రావు.

అపోహ: 82 సినిమాలో అంతా కెమెరా ముందే జరిగింది, మోసం లేదు.

కంప్యూటర్ లేదన్నది నిజం. మోసం మాత్రం షాట్ షాట్‌కీ ఉంది, అందుకే అది అంత బాగుంది.

ఆ 12 మందిలో ఒకడైన నారిస్ గుండె ఆగిపోయే సీను తీసుకోండి. డాక్టర్ కాపర్ షాక్ ప్యాడ్లు ఛాతీకి ఆనిస్తాడు. పొట్ట నోరులా తెరుచుకుని మోచేతుల దగ్గర కరిచేస్తుంది, డాక్టర్ చేతుల్లేకుండా వెనక్కి లేస్తాడు. ఆ లేచినవాడు నటుడు రిచర్డ్ డైసార్ట్ కాదు. నిజంగానే రెండు చేతులూ లేని ఒక వ్యక్తికి డైసార్ట్ ముఖంతో మాస్క్ వేసి, మైనపు ఎముకలు, రబ్బరు నరాలు, జెల్లీతో చేసిన చేతులు తగిలించారు. యాంత్రిక దవడ వాటిని తెంపేసింది. ముందు షాట్‌లో అసలు నటుడు, తెగే షాట్‌లో మాస్క్ మనిషి, ఆ తర్వాత మళ్లీ వేరే కోణం. మాస్క్ ముఖం తెర మీద ఎంతసేపు ఉంటుందో లెక్కపెట్టి చూడండి, మన కన్ను ముఖం మీదికి వెళ్లేలోపే కట్ పడుతుంది. చూపంతా తెగిన చేతుల మీదే ఉంటుంది కాబట్టి ముఖం ఎవరిదని ఎవరూ అడగరు. ప్రేక్షకుడి కన్ను ఎటు పోతుందో ముందే కనిపెట్టి, అటు మాత్రమే ప్రాణం పెట్టి చేయడం వాళ్లకీ మాకూ ఒకటే విద్య.

మంచులో కూరుకుపోయిన పళ్లెం ఓడ, దాని చుట్టూ ఉన్న పెద్ద గొయ్యి ఆల్బర్ట్ విట్‌లాక్ వేసిన మ్యాట్ పెయింటింగ్. బొమ్మనీ మనుషుల్నీ ఒకే ఫ్రేములో కలిపారు. నేను నెలజీతం తీసుకునేది సరిగ్గా ఆ పనికే.

ఫ్యాన్స్ చెప్పని సంగతి ఇంకోటుంది. క్లైమాక్స్‌లో బ్లెయిర్ అనే పాత్ర మారిన రాక్షసి కోసం ర్యాండల్ కుక్ స్టాప్ మోషన్‌లో (బొమ్మని కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫ్రేమూ తీసే పద్ధతిలో) షాట్లు చేశాడు. అవి మిగతా సినిమాతో కలవడం లేదని కార్పెంటర్ చాలావరకు తీసేశాడు. చేతితో చేసిన పనైనా సరే, షాట్‌లో అతకకపోతే బయటికే. ఈ ముక్క గుర్తుంచుకోండి, 2011 దగ్గర పనికొస్తుంది.

అపోహ: ఆ రాక్షసులన్నీ రాబ్ బాటిన్ ఒక్కడే చేశాడు.

ఊహ చాలావరకు అతనిదే. పని మొదలుపెట్టినప్పుడు వయసు 22. కానీ కింద పెద్ద టీమ్ ఉంది. పని మరీ మీదపడటంతో కుక్కల షెడ్డులో బయటపడే జీవిని స్టాన్ విన్‌స్టన్ బృందానికి అప్పగించారు. అది లోపల చెయ్యి పెట్టి ఆడించే బొమ్మ. ఎత్తుగా కట్టిన సెట్ కింద మనిషి నక్కి ఆడించాడు. ఆ జిగురంతా ఏమిటని అడుగుతారు కొందరు: మయొనైజ్, క్రీమ్ కార్న్, కరిగించిన బబుల్‌గమ్, జెల్లీ.

బాటిన్ ఏడాదికి పైగా సెలవన్నది లేకుండా పనిచేసి, చివరికి అలసటతో ఆస్పత్రిలో చేరాడు. ఫ్యాన్స్ దీన్ని వీరగాథలా చెప్పుకుంటారు. నాకు అందులో వీరం కనిపించదు. డెడ్‌లైన్ వారాల్లో మా ఫ్లోర్ మీద అలాంటి ముఖాలు రోజూ చూస్తూనే ఉంటాను. రబ్బరు కాలంలోనైనా, కంప్యూటర్ కాలంలోనైనా ఎఫెక్ట్స్ వాళ్ల టైమ్‌ని ముందు సరిగ్గా లెక్కకట్టినవాళ్లు తక్కువ.

ప్రాక్టికల్ ఎఫెక్ట్స్ (కంప్యూటర్ లేకుండా కెమెరా ముందే చేసేవి) అంటే సేఫ్ అనుకునేవాళ్లకి ఒక మాట. నారిస్ తల మెడ నుంచి సాగి తెగే షాట్‌లో వాడిన రసాయనాల ఆవిరి గదిలో పేరుకుంది. షాట్ కోసం మంట వెలిగించగానే మొత్తం భగ్గుమంది. నెలల తరబడి చేసిన బొమ్మ ఉన్న సెట్ అది. మా దగ్గర సర్వర్ క్రాష్ అయితే టెన్షన్ పడతాం గానీ కనుబొమలు కాలవు.

అపోహ: 2011 సినిమాలో ప్రాక్టికల్ ఎఫెక్ట్స్ అసలు వాడలేదు. గ్రాఫిక్స్ వల్లే పోయింది.

అన్నిటికన్నా ఎక్కువ వినిపించేది ఇదే. ఇందులో రెండు అపోహలు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది పూర్తిగా తప్పు. మత్యీస్ వాన్ హైనింగెన్ దర్శకత్వంలో వచ్చిన ఈ ప్రీక్వెల్ కోసం అలెక్ గిల్లిస్, టామ్ వుడ్రఫ్ నడిపిన అమాల్గమేటెడ్ డైనమిక్స్ సంస్థ నిజమైన యానిమట్రానిక్ బొమ్మలు (లోపలి యంత్రాలతో కదిలేవి) చేసింది. రెండు ముఖాలు కరిగి కలిసిపోయిన జీవి సహా అవి సెట్ మీద నటుల ముందు కదిలాయి. షూటింగ్ అయ్యాక వాటిలో చాలావాటి మీద కంప్యూటర్ బొమ్మలు కప్పేశారు. తర్వాత ఆ సంస్థ తమ మేకింగ్ వీడియోలు బయటపెట్టడంతో ఫ్యాన్స్‌కి అసలు కోపం మొదలైంది. ఆ ఊపులోనే వాళ్లు జనం దగ్గర డబ్బు పోగుచేసి, పాత పద్ధతిలో ‘హార్బింజర్ డౌన్’ అనే సినిమా తీశారు, 2015లో వచ్చింది. పద్ధతి పాతదైనంత మాత్రాన సినిమా గొప్పదైపోదని అది చూస్తే అర్థమవుతుంది.

రెండోది, ‘గ్రాఫిక్స్ చేసినవాళ్లకి చేతకాలేదు’ అనేది. ఆ పని చేసిన ప్రధాన సంస్థ వాంకూవర్‌లోని ఇమేజ్ ఇంజిన్. రెండేళ్ల ముందు, 2009లో, ‘డిస్ట్రిక్ట్ 9’లో మండుటెండలో మురికివాడల్లో తిరిగే గ్రహాంతరవాసుల్ని చేసింది కూడా వీళ్లే. ఆ సినిమా వీఎఫ్‌ఎక్స్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. వాళ్లకి రెండేళ్లలో చేతులు పడిపోవు కదా. తేడా ఎక్కడుందంటే, ‘డిస్ట్రిక్ట్ 9’లో జీవులు కంప్యూటర్‌వే అని తెలిసే షాట్లు తీశారు. ఇక్కడ రబ్బరు బొమ్మ కోసం తీసిన షాట్ మీద తర్వాత ఇంకో జీవిని కూర్చోబెట్టారు.

మా టేబుల్ దగ్గరికి అలాంటి షాట్ వస్తే ఏమవుతుందో చెబుతా. ప్లేట్‌లో, అంటే సెట్ మీద తీసిన అసలు షాట్‌లో, రబ్బరు బొమ్మ ఉంటుంది. కొత్తగా కంప్యూటర్‌లో చేసిన జీవి దానికన్నా సన్నగా ఉందనుకోండి, అంచుల వెంట పాత బొమ్మ బయటికి కనిపిస్తుంది. దాన్ని చెరిపి, వెనకున్న గోడని మళ్లీ కట్టాలి. క్లీన్ ప్లేట్ (బొమ్మ లేకుండా ఖాళీ సెట్‌ని తీసిన షాట్) ఉంటే బతికిపోయాం, లేకపోతే ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ పెయింట్ చేయాలి. నటుడు భయపడి వెనక్కి జరిగింది బొమ్మ వేగానికి. కొత్త జీవి అంతకు రెండింతల వేగంతో దూకితే అతని కంగారు ఆలస్యంగా వచ్చినట్టుంటుంది. బొమ్మ నీడ నేల మీద ఉండిపోతుంది. కొత్త జీవి పాదాలు పడేచోట మంచు నలగదు, బల్ల కదలదు. ఒక్కోటీ చిన్న లోపమే. ప్రేక్షకుడు వీటిని విడిగా చెప్పలేడు. ‘ఏదో తేడాగా ఉంది, గ్రాఫిక్స్ బాలేదు’ అనేసి వెళ్లిపోతాడు.

దీనికి లైటింగ్ తోడయింది. 82లో ఛాయాగ్రాహకుడు డీన్ కండీ, బాటిన్ కలిసి ఆ జీవుల మీద చిన్న చిన్న లైట్లు మాత్రమే వేసి, తడి మెరిసేచోట మెరిపించి, మిగతాదంతా చీకట్లో వదిలేశారు. రబ్బరు రబ్బరులా కనిపించేచోటికి వెలుగే పోదు. 2011లో జీవి తలనుంచి కాళ్లదాకా కనిపిస్తూ వరండాల్లో పరుగెత్తుతుంది. అంత వెలుగులో బాటిన్ బొమ్మని నిలబెట్టినా నవ్వొచ్చేది. కాబట్టి ఏ చేత్తో చేశారన్నదానికన్నా, ఎంత చూపించాలి, ఎప్పుడు కట్ చేయాలి అన్నది షూటింగ్‌కి ముందే తేల్చుకున్నారా లేదా అన్నదే షాట్‌ని నిలబెడుతుంది. గొడవంతా రబ్బరు వైపు, కంప్యూటర్ వైపు నిలబడి చేస్తున్నారు గానీ, నిర్ణయం మాత్రం అంతకుముందే దర్శకుడి, నిర్మాతల గదిలో జరిగిపోతుంది.

అయినా ఆ సినిమాని నేను పూర్తిగా తీసిపారేయను. 82లో నార్వే క్యాంపులో కనిపించే ప్రతి గుర్తుకీ, తలుపులో దిగిన గొడ్డలికి కూడా, ఇక్కడ కారణం అల్లారు. నోట్లో పంటి ఫిల్లింగులున్నాయా అని టార్చ్ వేసి మనుషుల్ని వేరుచేసే సీను బాగా ఆలోచించిందే. జీవి లోహాన్ని అనుకరించలేదు మరి. అది 82లో ఎవరు మనిషో తేల్చే రక్తపరీక్ష సీనుకి సాటిరాదు, కానీ కాపీ కొట్టకుండా తప్పించుకున్న తీరు నచ్చింది.

అపోహ: ‘ఈ.టి.’ వచ్చి 82 సినిమాని చంపేసింది.

సగం నిజం. మంచి గ్రహాంతరవాసి కథ ‘ఈ.టి.’ జూన్ 11న వచ్చింది, ‘ది థింగ్’ జూన్ 25న, అదే రోజు ‘బ్లేడ్ రన్నర్’ కూడా. కానీ సమీక్షకులు దాన్ని చీల్చి చెండాడారు. అసహ్యంగా ఉందన్నారు, పాత్రల్లో పసలేదన్నారు. ఎన్నియో మొరికోనె సంగీతానికి చెత్త అవార్డుల్లో నామినేషన్ కూడా ఇచ్చారు! కోటీ యాభై లక్షల డాలర్ల సినిమా అమెరికాలో రెండు కోట్లు కూడా దాటలేదు. కార్పెంటర్ చేతిలోంచి తర్వాతి ప్రాజెక్టు జారిపోయింది. దాన్ని బతికించింది వీడియో క్యాసెట్లు, టీవీ. ఇప్పుడు దక్షిణ ధ్రువంలోని అమెరికన్ కేంద్రంలో చలికాలానికి ముందు ఆఖరి విమానం వెళ్లిపోగానే మిగిలినవాళ్లు కూర్చుని ఈ సినిమానే చూస్తారు. ఆ గుండెధైర్యానికి ఒక నమస్కారం.

అపోహ: రీమేకులు ఎప్పుడూ పాతదాని ముందు దిగదుడుపే.

1986 ‘ది ఫ్లై’ చూడండి. 1958 సినిమాకి రీమేకే, మేకప్‌కి ఆస్కార్ కొట్టింది. 1978 ‘ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్’ కూడా 1956 నాటిదానికి ఏమాత్రం తీసిపోదు. ఇంక వాదన అనవసరం.

అపోహ: చివరి సీన్లో చైల్డ్స్ నోట్లోంచి ఆవిరి రాదు, కాబట్టి వాడే థింగ్.

క్యాంపు తగలబడుతోంది, చివరికి మిగిలిన ఇద్దరు, హీరో మాక్రెడీ, చైల్డ్స్ ఎదురెదురుగా కూర్చున్నారు. మాక్రెడీ ఊపిరి తెల్లగా కనిపిస్తుంది, చైల్డ్స్‌ది కనిపించదంటారు. మంచి ప్రింట్‌లో కళ్లు పెట్టి చూస్తే అతనిదీ పలచగా కనిపిస్తుంది. ఊపిరి ఆవిరి తెర మీద పడాలంటే చలి ఒక్కటే చాలదు. వెలుగు వెనక నుంచో పక్క నుంచో తగలాలి, దాని వెనకాల చీకటి ఉండాలి. ఎదురు నుంచి లైటు పడితే అదే ఆవిరి మాయమైపోతుంది. మేం కంపోజిటింగ్‌లో నకిలీ ఊపిరి కలిపేటప్పుడు మొదట చూసుకునేది లైటు ఎటునుంచి వస్తోందనే. ఇద్దరి మీదా వెలుగు ఒకేలా పడలేదు, అంతే.

పైగా సినిమాలోనే దీనికి జవాబుంది. సగం మారిన బెన్నింగ్స్ బయట మంచులో మోకాళ్ల మీద కూర్చుని అరిచినప్పుడు నోట్లోంచి ఆవిరి బాగానే వస్తుంది. థింగ్‌కి ఊపిరి ఉండదన్న సూత్రం అక్కడే కూలిపోయింది.

ఆ సీన్లో మాక్రెడీ చైల్డ్స్‌కి ఇచ్చే సీసాలో ఉన్నది విస్కీ కాదు, పెట్రోల్ అన్న వాదం ఇంకోటి. దానికి తెర మీద ఆధారం లేదు. ముందుజాగ్రత్తగా మాక్రెడీని కాపాడి, రక్తపరీక్షలో మనిషే అని తేల్చే ముగింపు ఒకటి తీసి పక్కన పెట్టుకున్నారు, వాడలేదు. తేల్చడం ఇష్టమైతే అది చేతిలోనే ఉంది కదా.

అపోహ: కథ వరస ప్రకారం 2011ది ముందు, 82ది తర్వాత చూడాలి.

దయచేసి వద్దు. 82 సినిమా హెలికాప్టర్ తరుముతున్న కుక్కతో మొదలవుతుంది. ఆ కుక్క ఏమిటో మనకి తెలియదు. జెడ్ అనే ఆ సగం తోడేలు వరండాలో నెమ్మదిగా నడిచి, ఒక గది గుమ్మం దగ్గర ఆగి, లోపలికి వెళుతుంది. గోడ మీద ఒక మనిషి నీడ తిరిగి చూస్తుంది. సీను అక్కడితో ఆగిపోతుంది. ఆ నీడ ఎవరిదో పోల్చుకోకుండా నటుల్లో ఎవర్నీ కాకుండా ఒక స్టంట్‌మ్యాన్‌ని నిలబెట్టారు. ప్రీక్వెల్ ముందు చూసినవాడికి కుక్క సంగతి తెలిసిపోయి, ఆ వరండా నడకలో ఏమీ మిగలదు. ముందు 82ది, రాత్రిపూట, లైట్లు తీసేసి చూడండి. 2011ది నచ్చితే తర్వాత చూడొచ్చు, ఎండ్ టైటిల్స్ మధ్యలో ఆపకుండా. హెలికాప్టర్ బయల్దేరేది ఆ టైటిల్స్ మధ్యలోనే.